సదయ్య తుపాకి పరీక్ష

ఆదివారం పొద్దున సదయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు క్వారీ మైదానానికి వెళ్లాలి. అక్కడ తుపాకి పరీక్ష పెట్టేవాళ్ల ముందు తన సర్టిఫికెట్లన్నీ పరచాలి. నాలుగు మాటలు అడగాలి. పాసు కాగితం చేతబట్టుకుని పన్నెండు గంటలకల్లా ఇంటికొచ్చి అన్నం తినాలి. ఆ నాలుగు మాటలు ఏమిటన్నది గోదావరిఖనిలో అతని గల్లీ మొత్తానికి కంఠతా వచ్చు. వారం రోజులుగా పాలవాడి నుంచి పోస్ట్‌మ్యాన్ దాకా అతను ఎవరినీ వదలలేదు.

"ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గుబాయిల మందు పేల్చిన. ఒక్కని చిటికెన వేలు తెగలే. గిప్పుడు పందుల మీదికి తుపాకి కొనాల్నంటే నేను పరీక్ష పాస్ కావాల్నట. నేను."

చివరి 'నేను' దగ్గర ప్రతిసారీ రొమ్ము మీద చెయ్యి వేసుకునేవాడు.

భార్య పూలమ్మ జొన్నరొట్టె తిప్పుతూనే జవాబిచ్చింది. "రాస్తే ఏంబోతది? కోడలికి స్కూటీ తాళం ఇయ్యనీకి పది దినాలు పరీక్ష పెట్టింది నువ్వే గదా."

"అది వేరు."

"ఎట్ల వేరు?"

"ఆమె కొత్తది. నేను పాతోణ్ని," అని సదయ్య రొట్టె వైపు తిరిగాడు. 

సదయ్య షాట్‌ఫైరర్‌గా రిటైరయ్యాడు. భూమి అడుగున బొగ్గుగోడకు కొట్టిన రంధ్రాల్లో మందు దట్టించి, మనుషులందరినీ దూరం పంపి, దారులన్నిటికీ కాపలా పెట్టి, ఈల ఊది, ఆఖరున తానే పేల్చే పని అది. రిటైరయ్యాక ఊళ్లో తండ్రి వదిలిపోయిన రెండెకరాల్లో మక్కజొన్న వేశాడు. పక్కనే ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్టలు, వాటి మీద తుమ్మపొదలు, ఆ పొదల్లో అడవిపందులు. నిరుడు అవి సగం చేను మేసి మిగతా సగం తొక్కాయి. ఈసారి కంకులు పాలు పోసుకుంటున్నాయి. పంట కాపలాకని సదయ్య పెట్టుకున్న తుపాకి లైసెన్సు ఫైలు అన్ని బల్లలూ దాటి ఒక్క కాగితం దగ్గర ఆగింది. ఆ కాగితం ఈ పరీక్ష పాసైతేనే ఇస్తారు. ఈ ఆదివారం తప్పితే చేను దక్కదు.

జాగ్రత్త విషయంలో సదయ్యకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదన్నది నిజమే. నిరుడు దీపావళికి అతని గేటు ముందు ఒక లక్ష్మీబాంబు వత్తి కాలి, పేలకుండా ఉండిపోయింది. సదయ్య మూడు ఈలలు ఊది, గల్లీకి రెండు చివర్లా మనుషులను నిలబెట్టి, గడియారం చూసుకుంటూ సరిగ్గా అరగంట ఎవరినీ అటూ ఇటూ కదలనివ్వలేదు. అవతల వైపు ఆగిపోయినవాళ్లలో మిఠాయి డబ్బాతో వచ్చిన అతని సొంత వియ్యంకుడు కూడా ఉన్నాడు. ఆ ఈల ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది.

బావమరిది రఘుపతి బండి తెచ్చాడు. రెండో షిఫ్టు డ్యూటీ కాబట్టి మధ్యాహ్నానికి తిరిగి రావాలన్నది అతని షరతు. మెడలో ఎర్ర తువ్వాల, నోట్లో వక్క. దారిపొడవునా సదయ్య వెనక కూర్చుని తన నాలుగు మాటలను ఎనిమిది చేస్తూనే ఉన్నాడు. కల్లు దుకాణం మూల మీద ఎవరికో చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు.

"ఎవలకు బావ?"

"మన పెద్ద గుమస్తా గాదా."

"అది కరెంటు స్తంభం. దానికి అంగీ తొడిగిన్రు, ఎన్నికల బ్యానర్ది," అన్నాడు రఘుపతి. "కండ్ల ఆపరేషన్ చేయించుకోమంటే ఇనవు."

"మక్క కోసినంక," అన్నాడు సదయ్య. అతని కళ్ల శుక్లాల ఆపరేషన్ రెండు పంటలుగా వాయిదా పడుతోంది.

క్వారీ మైదానం బసంత్‌నగర్ పోయే దారికి కాస్త లోపలగా ఉంది. రాయి తీసి వదిలేసిన గుంత. ఒక రైఫిల్ క్లబ్బు దాన్ని చదును చేసి, ఒక వైపు ఎత్తుగా మట్టికట్ట పోసి, మరో వైపు రేకుల షెడ్డు వేసింది. పరీక్ష పెట్టే మనిషి బద్రుద్దీన్. సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు, తెల్లగడ్డం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. సదయ్య సర్టిఫికెట్లున్న ప్లాస్టిక్ కవరు తీసి అతని బల్ల మీద బోర్లించాడు. బద్రుద్దీన్ ఒక్కొక్కటీ ఓపికగా చదివి, వరుసగా పేర్చి, మళ్లీ కవర్లో పెట్టి చేతికిచ్చాడు.

"మాషా అల్లా, మంచిగున్నయ్ సదయ్యన్న. కాని గివి మందువి. ఇది తుపాకి. లైన్ల నిలవడు."

"ఆ మట్టికట్ట కాడ నిలబడ్డ మనిషిని ముందుగాల జరగమను. గదేం జాగ్రత్త మీది?"

బద్రుద్దీన్ అటు చూశాడు. అక్కడ ఉన్నది గురిపెట్టే అట్ట. పెద్దమనిషి ఎగతాళి చేస్తున్నాడనుకుని ఊరుకున్నాడు.

పరీక్షకు వచ్చినవాళ్లు ఏడుగురు. సదయ్యది ఏడో నంబరు. అతని ముందున్నవాడు వీరేందర్, ప్లాట్ల వ్యాపారం చేసే ముప్పై ఐదేళ్ల మనిషి, వేళ్లకు నాలుగు ఉంగరాలు. ఇతనికి చేను లేదు, పందులూ లేవు. తుపాకి ఎందుకు కొంటున్నావని అడిగితే, కారులో ముందు సీట్లో పెడితే నలుగురిలో వజన్ ఉంటదని చెప్పాడు. చెబుతూ షెడ్డు బల్ల మీది ఖాళీ తుపాకి ఎత్తి, మాటకో వైపు తిప్పి, చివరకు గొట్టం సదయ్య బొడ్డు దగ్గర ఆపాడు.

సదయ్య దాన్ని రెండు వేళ్లతో పక్కకు నెట్టాడు. "ఎటు వట్టినవ్?"

"ఖాళీదే కాక. ఏం కాదు."

'ఏం కాదు' అనే మాట వింటే సదయ్యకు ఒంట్లో కారం రాసినట్టు ఉంటుంది. ఇటువంటి వాడితో పాటు తననూ ఒకే వరుసలో నిలబెట్టినందుకు బద్రుద్దీన్ మీద, క్లబ్బు మీద, పరీక్ష కనిపెట్టినవాడి మీద మండిపోతూ నిలబడ్డాడు.

పరీక్ష ఒక్కొక్కరికి వేరువేరుగా, రేకుల తడిక వెనక జరుగుతుంది. ఒకరు చేసేది మరొకరికి కనబడదు. లోపల రెండు చప్పుళ్లు వినిపించేవి, తరువాత కాసేపు ఏమీ వినిపించేది కాదు, ఆపైన మనిషి బయటికి వచ్చేవాడు. వీరేందర్ వచ్చినప్పుడు అతని కుడికంటి చుట్టూ ఏదో నల్లగా ఉన్నట్టు సదయ్యకు తోచింది. చలువ కళ్లద్దాల్లో ఒకటి విరిగి, ఒకటే మిగిలిందేమో అనుకున్నాడు.

ఏడో నంబరు పిలిచారు. సదయ్య మొదటి రెండు తూటాలూ పేల్చాడు. అవి ఎక్కడ తగిలాయో అతను అడగలేదు, బద్రుద్దీన్ చెప్పలేదు. మూడోది బద్రుద్దీన్ తన చేత్తోనే గొట్టంలో పెట్టి, ఇక కొట్టమన్నాడు. సదయ్య నొక్కాడు. టిక్కుమని చప్పుడైంది. అంతే.

తరువాత జరిగినదానికి సదయ్య బుర్ర పనిచేయలేదు, ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు పనిచేసింది. తుపాకిని గొట్టం మట్టికట్ట వైపే ఉండేట్టు ఇసుక బస్తాల మీద మెల్లగా ఆనించాడు. ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. జేబులోంచి ఈల తీసి మూడుసార్లు, ఊపిరి ఉన్నంతసేపు, పొడుగ్గా ఊదాడు.

"మిస్‌ఫైర్. అందరు షెడ్డు ఎనకకు పోండ్రి."

బద్రుద్దీన్ చిరునవ్వుతో తుపాకి వైపు అడుగేశాడు. సదయ్య రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. పేల్చినవాడు తప్ప ఇంకెవరూ దాని దగ్గరికి పోకూడదని, అదీ అరగంట దాటితే తప్ప కుదరదని చెప్పాడు. తుపాకికి అరగంట ఏమిటి, ముప్పై సెకన్లు చాలన్నాడు బద్రుద్దీన్. అనుమానం ఉన్నచోట పెద్ద లెక్కే తీసుకోవాలన్నాడు సదయ్య.

"అన్నా, నా మాట ఇను. దాంట్ల ఏం లేదు..."

"కొమురెల్లి గూడ గదే అన్నడు."

"కొమురెల్లి ఎవలు?"

"నా జోడీదారు. ఏం కాదు, చూసొస్త అని పన్నెండో నిమిషంల పోయిండు. ఇరవై ఆరేండ్లు ఆనికి. ఆని రెండు కండ్లు నేనే మూసిన." సదయ్య గొంతు పెంచలేదు. "నువ్వు జరుగు."

బద్రుద్దీన్ జరిగాడు. ఆ మాట తరువాత ఇది పరీక్షలో భాగమని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. పైగా పరీక్ష ఇంకా నడుస్తోంది, అందులోని కిటుకు ముందే చెప్పడం నియమానికి విరుద్ధం. ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాడు. జీవితంలో షాట్‌ఫైరర్లతో పని పడనివాడు కాబట్టి అలా అనుకున్నాడు.

రెండు నిమిషాల్లో సదయ్య ఆరుగురు అభ్యర్థులనూ షెడ్డు వెనక కూర్చోబెట్టి, దారులకు కాపలా చూశాడు. మైదానానికి అసలు దారి ఒక్కటే, అది బసంత్‌నగర్ రోడ్డులో కలుస్తుంది. రఘుపతిని పిలిచి, తువ్వాల పట్టుకుని రోడ్డు మీద నిలబడమన్నాడు. ఎంతసేపని రఘుపతి అడిగాడు. ఈల ఊదేదాకా అన్నాడు సదయ్య. రోడ్డు ఇక్కడికి వంద గజాల దూరమని, తూటా వెనక్కి తిరిగి రాదని రఘుపతి ఏదో అనబోయాడు. సదయ్య అతని వైపు చూశాడు. రఘుపతి కూడా బాయి పనివాడే. తువ్వాల తీసుకుని వెళ్లిపోయాడు.

అక్కడ నుంచి వ్యవహారం సదయ్య చేయి దాటింది. ఓపెన్‌కాస్టు గనుల చుట్టూ ఉన్న ఊళ్లలో ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డుకు అడ్డం నిలబడ్డవాణ్ని ఎవరూ ఎందుకని అడగరు. బ్లాస్టింగ్ అని అర్థం. బండి ఆపాలి, ఇంజను ఆపాలి, మళ్లీ ఈల వినబడేదాకా కూర్చోవాలి. మొదట వచ్చిన సిమెంటు లారీ డ్రైవరు అదే చేశాడు. దిగి బీడీ ముట్టించి, ఇవాళ టైము మార్చిన్రా అని మాత్రం అడిగాడు. రఘుపతి తల ఊపాడు. లారీ వెనక లారీ, దాని వెనక రెండు షేరింగ్ ఆటోలు, ఆటోల వెనక బస్సు ఆగాయి. బస్సులోంచి దిగినవాళ్లు పక్క పల్లెలోకి కబురు మోశారు. ఈలలు అప్పటికే విన్న పల్లె గొడ్లను కట్టేసి, పొయ్యిలు ఆర్పి, అలవాటు ప్రకారం ఇళ్లలోంచి బయటికొచ్చి నిలబడింది.

అందరికంటే ముందు వచ్చింది సమ్మవ్వ. ఆమె ఇంటి గోడ ప్రతి బ్లాస్టింగ్‌కూ ఒక బెత్తెడు చీలుతుందని పదేళ్లుగా ఫిర్యాదు చేస్తోంది. ఎవరూ వినడం లేదు. ఈసారి ఆమె తెలివిగా, పేలకముందే గోడను మనుమరాలి ఫోన్లో ఫోటో తీయించుకుని, రఘుపతి ముందు పట్టింది.

"బిడ్డా, ఇగో గిప్పటికి గింతే ఉంది పగులు. పేలినంక ఎంత పెరిగిందో నువ్వే చెప్పాలె. సంతకం వెట్టు."

"అవ్వా, గిది గోడలు పగిలే మందు గాదు. తుపాకి."

"తుపాకితోని బొగ్గు తీస్తున్నరా ఇప్పుడు?" అంది సమ్మవ్వ. ఈ కొత్త పద్ధతి గురించి పల్లెకు చెప్పకపోవడం ఎంత అన్యాయమో ఆమె వెనక్కి తిరిగి పల్లె మొత్తానికి వివరించింది. పల్లెకు కోపం వచ్చింది. ఇరవై మంది లారీల ముందు బైఠాయించారు. ఇప్పుడు ఈల ఊదినా దారి తెరుచుకోని పరిస్థితి.

ఇరవై ఐదో నిమిషంలో ఎస్సై సంతోషి జీపు వచ్చి లారీల తోక దగ్గర ఆగింది. ఏ గనిలో బ్లాస్టింగో ఫోన్లో కనుక్కుంది. ఏ గనిలోనూ లేదన్నారు. మరైతే పేల్చేదెవరని ఆమె రోడ్డు దిగి, పదకొండు గంటల ఎండలో వంద గజాలు నడిచి, చెమటతో, కోపంతో మైదానంలోకి వచ్చింది. షెడ్డు వెనక ఆరుగురు మగవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఒక ముసలాయన గడియారాన్ని కంటికి నాలుగు అంగుళాల దూరంలో పెట్టుకుని చూస్తున్నాడు.

"రోడ్డు బంద్ వెట్టింది ఎవలు?"

"నేనే మేడం. మిస్‌ఫైర్ అయింది. ఇంక మూడు నిమిషాలు."

సంతోషి నోరు తెరిచింది. ఈల చూసింది. ఆమె తండ్రి కూడా బాయిలో పనిచేసినవాడే. నోరు మూసుకుని మూడు నిమిషాలు నిలబడింది.

సరిగ్గా ముప్పై నిమిషాలకు సదయ్య ఒక్కడే వెళ్లి తుపాకి గొట్టం వంచి తెరిచి తూటా బయటికి తీశాడు. అరచేతిలో పడ్డప్పుడే అది తేలికగా ఉంది. తెచ్చి బద్రుద్దీన్ చేతిలో పెట్టాడు. బద్రుద్దీన్ తల వంచుకున్నాడు. సంతోషి దాన్ని తీసుకుని గోటితో గీకింది.

"గిది చెక్కది."

సదయ్య ఆ చెక్కముక్కను లాక్కున్నాడు. నోరు తెరిచాక ఆగలేదు. చెక్కముక్క పెట్టి తనను ఆడించారని, ఒక చచ్చినవాడి పేరు తన నోట ఎత్తించారని, ఇది పరీక్ష కాదు పరిహాసమని, ఈ వయసులో తనకు ఇదా మర్యాద అని అడిగాడు. బద్రుద్దీన్ అంతా విన్నాడు. విని, షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

"మేడం, ఆళ్ల మొఖాలు జెర చూడుండ్రి."

సంతోషి చూసింది. ఆరుగురిలో ఐదుగురి కుడికంటి చుట్టూ గుండ్రంగా, కొలిచి గీసినట్టు మసి ఉంది.

"తుపాకి పేలకపోతె ఏం చేస్తరు అన్నదే పరీక్ష," అన్నాడు బద్రుద్దీన్. "రెండు అస్లీ, మూడోది చెక్కది. గీ ఐదుగురు గొట్టం తమ దిక్కు తిప్పి లోపలికి కన్ను వెట్టి చూసిన్రు. ఆరోటాయన చెవి కాడ వెట్టి ఊపిండు. ఏడుగురిల గొట్టం అటే ఉంచింది సదయ్యన్న ఒక్కడు. పాస్ అయింది ఈయన ఒక్కడే."

 వీరేందర్ చేతిరుమాలుతో కన్ను తుడుచుకున్నాడు. మసి చెంపకు పాకింది.

గెలిచిన మనిషి ఊరుకోవాల్సింది. కాని సదయ్య కోపానికి అప్పటికే మంచి ఊపు వచ్చింది, దిక్కు మాత్రం మారింది. పొద్దుటినుంచి పరీక్ష ఎందుకని తిరిగినవాడు ఇప్పుడు పరీక్ష ఇంతేనా అని మొదలుపెట్టాడు. గొట్టంలో కన్ను పెట్టినవాడిని ఏం చేస్తారని అడిగాడు. వచ్చే ఆదివారం మళ్లీ రమ్మంటామన్నాడు బద్రుద్దీన్.

"మళ్ల వస్త కాక, ఏం కాదు," అన్నాడు వీరేందర్.

"పాస్ అయ్యేదాంక వస్తనే ఉంటడా? గంతల కన్నన్న పోతది, పక్కోని పానమన్న పోతది. బాయిల పార వట్టుకునేటోనికి గూడ ట్రైనింగ్ ఉంటది మేడం. మందు డబ్బ ముట్టాల్నంటే ముందుగాల కండ్ల పరీక్ష. కండ్లు కనవడనోడు ఎంత పాతోడైనా సరే, ఇంటికి పోవాల్సిందే. మీ కాడ కండ్ల పరీక్ష ఏది? గుడ్డోనికి తుపాకి ఇస్తరా మీరు?"

సంతోషికి ఆ మాట నచ్చింది. నిజమే కదా అంది. బద్రుద్దీన్‌కూ నచ్చింది. ఇంతకాలం ఎవరికీ తోచలేదని, వచ్చే వారం నుంచి కాదు, ఇప్పుడే మొదలుపెడతానని అన్నాడు. అక్షరాల పటం ఎక్కడ తేవాలని ఒక్క నిమిషం ఆలోచించి రోడ్డు వైపు చూశాడు. సదయ్య పుణ్యమా అని అక్కడ పదకొండు లారీలు నిలిచి ఉన్నాయి.

"మొదటి లారీ పక్కకు పెద్దగ రాసిన నంబరు చదవాలె. గీడికెల్లి."

ఆరుగురూ చదివారు. వీరేందర్ మసి కన్నుతోనే, చివరి అంకె దాకా గడగడా చదివాడు. సదయ్య వంతు వచ్చింది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏ లారీ?" అన్నాడు.

రోడ్డు మీద నుంచి వచ్చిన రఘుపతి తువ్వాలలో ముఖం దాచుకున్నాడు. బద్రుద్దీన్ దగ్గరికొచ్చి, ఇది ఇప్పుడు పెట్టిన నియమమే కదా, వచ్చే వారం నుంచి లెక్క వేసుకుందాం, కాగితం తీసుకుని పొమ్మని మెల్లగా చెప్పాడు. పొద్దున సదయ్య కోరుకున్నది సరిగ్గా అదే. చేను కళ్లముందు మెదిలింది. పాలు పోసుకున్న కంకులు అతనికి లారీల కంటే స్పష్టంగా కనిపించాయి.

"వద్దు," అన్నాడు. "కొమురెల్లి పోయినంక నేను ఎవ్వనికి ఒక్క నిమిషం గూడ ఒదలలే. నాకు నేను ఎట్ల ఒదులుకుంట?"

సదయ్య బద్రుద్దీన్‌ను కలం అడిగి తీసుకుని, పరీక్ష రిజిస్టరులో తన పేరు ఎదుట తానే రాశాడు: కండ్లు సరిగా లేవు, తుపాకి ఇవ్వరాదు. వరుస తప్పి పై గడిలో రాశాడు. వీరేందర్ గడిలో. బద్రుద్దీన్ సరిచేయబోయి, ఒకసారి వీరేందర్ ముఖంలోకి చూసి, ఆ గడిని అలాగే ఉంచి కింద మరొకసారి రాయించుకున్నాడు.

రోడ్డు తెరవడానికి ఇంకో గంట పట్టింది. సంతోషి సమ్మవ్వ గోడను స్వయంగా చూసి వచ్చి, పగులు పెరగలేదని సంతకం చేశాకనే పల్లె లేచింది. రోడ్డు బంద్ సంగతికి సదయ్యను ఠాణాకు రమ్మంది. కండ్ల ఆపరేషన్ చేయించుకుని ఆ చీటీ చూపిస్తే చాలంది. రఘుపతి డ్యూటీకి అరగంట ఆలస్యంగా వెళ్లాడు. పూలమ్మ అన్నం పెడుతూ పాసైనవా అని అడిగింది. తుపాకిల అయిన, కండ్లల కాలే, అన్నాడు సదయ్య. 

పొద్దు గుంకే వేళకు అతను చేనుకు వెళ్లాడు. తుమ్మపొదల వైపు నుంచి మక్కలోకి ఏదో నల్లగా కదిలింది. పందులా, నీడలా అన్నది అతని కంటికి తేలలేదు. కంకి విరిగిన చప్పుడు మాత్రం చెవికి బాగానే తేలింది. చేతిలో తుపాకి లేదు, ఇక ఈ పంటకు రాదు. ఉక్రోషం పట్టలేక జేబులోంచి ఈల తీసి మూడుసార్లు, ఊపిరి ఉన్నంతసేపు, ఊదాడు. చేను ఒక్కసారిగా అల్లల్లాడింది. పందుల మంద మొత్తం మట్టిగుట్ట దాటి పారిపోయింది.

అవి కూడా ఆ ప్రాంతపు పందులే కావడంతో, సరిగ్గా అరగంటకు తిరిగి వచ్చాయి.